వేకువచుక్కకు మేము రాసిన ఉత్తరం

మా అన్నయ్య రాఘవ పెద్దకర్మ నాడు తిరువూరులో భోజనాలు అయిపోయి, బంధువులు ఒక్కొక్కరే చెప్పి వెళ్ళిపోతున్న వేళ, సత్యం వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. సత్యం అన్నయ్యకు చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకుని బతుకంతా అక్కడే గడిపాడు. ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. నా వైపు వంగి, "విజయమ్మా, ఇన్ని పుస్తకాలు రాశావు కదా, ఆ ఉత్తరం సంగతి ఎక్కడైనా రాశావా?" అని అడిగాడు. లేదన్నాను. "రాఘవ ఉన్నన్నాళ్ళూ నేనూ ఎత్తలేదు. వాడు ఎత్తనిచ్చేవాడు కాదు. ఇక మిగిలింది మనిద్దరమేగా, రాసెయ్యి," అన్నాడు. నేను తల ఊపాను గానీ అక్కడి నుంచి వచ్చిన తర్వాత కూడా చాలా రోజులు కాగితం ముందు కూర్చోలేకపోయాను. నా మొదటి రచన ఏదని ఎవరైనా అడిగితే ఒక పత్రికలో వచ్చిన కథ పేరు చెబుతుంటాను. అది నిజం కాదు. నా మొదటి రచన ఆ ఉత్తరమే.

విస్సన్నపేట వెళ్ళే రోడ్డు మీద ఉండేది మా ఇల్లు. ఇంటి ముందు పత్తి నిలవ చేసుకోవడానికి నాన్న వేయించిన రేకుల షెడ్డు. ఏడాదిలో రెండు మూడు నెలలు తప్ప ఖాళీగానే ఉండేది. ఖాళీగా ఉన్నా గోనెసంచుల వాసన, పత్తిగింజల నూనె వాసన దాన్ని వదిలేవి కావు. మధ్యాహ్నం పూట మా నాయనమ్మ నడవాలో కాళ్ళు చాపుకుని చింతపండులో గింజలు తీస్తూ ఉండేది. వంటింట్లో అమ్మ కందిపప్పు వేయిస్తే ఆ కమ్మటి వాసన నడవా దాకా వచ్చి చింతపండు పులుపుతో కలిసిపోయేది. నాలుగ్గంటలకు నాయనమ్మకు ఇత్తడి గ్లాసులో టీ రావాలి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ రోజుకు ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆమె టీ తాగి గ్లాసు కింద పెట్టేసరికి షెడ్డు ముందు సైకిళ్ళు ఆగిన చప్పుడు వినిపించేది. వేకువచుక్క వాళ్ళు వచ్చారన్నమాట.

వేకువచుక్క మ్యూజిక్ పార్టీ అని డ్రమ్ము మీద ఎర్రరంగుతో రాయించుకున్నారు గానీ, ఊళ్ళో అందరూ గిటార్ పార్టీ అనే పిలిచేవారు. నలుగురు మనుషులు. పాడేది జీవరత్నం గారు. పెనుగొలనులో బడిపంతులు. గిటారు వాయించేది శామ్యూలు. డ్రమ్ములకు ఒకరు, అకార్డియనుకు ఒకరు. మా నాన్నకు పాటలంటే పెద్ద ఇష్టమేం లేదు, కానీ జీవరత్నం గారి తండ్రి దగ్గర చదువుకున్నాడు కనుక ఆ గౌరవంతో, ప్రాక్టీసు చేసుకోమని షెడ్డు తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టాడు. వాళ్ళకు దాహమైతే మా నాయనమ్మ చెంబుతో పైనుంచి దోసిట్లో నీళ్ళు పోసేది. జీవరత్నం గారు మాస్టారు కాబట్టి ఆయన కోసం విడిగా ఒక గాజు గ్లాసు కిటికీ గూట్లో బోర్లించి ఉండేది. దాన్ని ఇంట్లో ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు. అది ఆయనకిచ్చే గౌరవమని నేను అనుకునేదాన్ని. అప్పటికి మరీ చిన్నపిల్లనేం కాదు, పదహారేళ్ళు నిండాయి. అయినా అలాగే అనుకున్నాను.

ఆ రోజుల్లో పార్టీలన్నీ సినిమా పాటలు పాడేవి. వీళ్ళు మాత్రం సొంత పాటలు కట్టుకునేవారు. మెట్ట చేను మీద మబ్బు నిలవకుండా వెళ్ళిపోవడం, పత్తి తీసే ఆడవాళ్ళ వేళ్ళు చీరుకుపోవడం, కిక్కిరిసిన బస్సు వెనక పరిగెత్తే ముసలివాడు, ఇలాంటివన్నీ వాళ్ళ పాటల్లోకి వచ్చేవి. జీవరత్నం గారిది సన్నటి గొంతు. పైకి వెళ్ళేకొద్దీ పదునెక్కేది. వాన కోసం ఒక ఆడమనిషి చేలో నిలబడి పిలిచే పాట ఒకటి ఉండేది. అందులో 'రావా' అని ఆయన పిలిస్తే రేకులు కంపించేవి. నిజంగానే కంపించేవి, చెయ్యి పెట్టి చూశాను. వాళ్ళ యాంప్లిఫయరు సత్యం తయారుచేసిందే, అందుకని ఆ పార్టీలో తనకూ భాగం ఉందని అతని లెక్క. అన్నయ్య వాళ్ళ వెంట ప్రతి ప్రోగ్రాముకీ వెళ్ళేవాడు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని పాటలన్నీ ఒక లాంగ్ నోటుబుక్కులో నా చేత రాయించుకునేవారు. జీవరత్నం గారు నడవా అంచున నిలబడి పాట చెబుతుంటే నేను గడప లోపల కూర్చుని రాసేదాన్ని. ఒక్కో మాట దగ్గర ఆగి, "ఈ మాట బాగుందా అమ్మా, ఇంకోటి వేద్దామా?" అనేవాడు. నన్ను అంతకుముందు అలా అడిగినవాళ్ళు లేరు.

ఒక ఏడు వానాకాలం వెళ్ళిపోయాక కొత్త పాటలు మొదలుపెట్టారు. నాలుగు పాటలు. మొదటిరోజు షెడ్డులో వినగానే అన్నయ్య, సత్యం, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పాట ఎక్కడా లేవలేదు. గొణిగినట్టు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు నాలుగు మాటలు అని జీవరత్నం గారు ఆగిపోయేవాడు. ఆ తర్వాత శామ్యూలు గిటారు ఎంతకీ తెమిలేది కాదు. మళ్ళీ రెండు మాటలు, మళ్ళీ గిటారు. బెజవాడలో ఎవరో శామ్యూలుకు ఇంగ్లీషు రికార్డులు వినిపించారనీ, అతను మాస్టారి బుర్ర పాడుచేశాడనీ సత్యం తేల్చేశాడు. మేమూ అదే నమ్మాం. ఈసారి ఆ పాటలను నా చేత రాయించలేదు. నోటుబుక్కు ఆయనే ఇంటికి తీసుకుపోయాడు. నాకు రోషం వచ్చింది. ఆ రోషం కూడా ఉత్తరంలో కలిసిందని ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఈ సంగతి ఆయనకు ఎలా చెప్పాలా అని రెండు వారాలు వాదించుకున్నాం. రోజూ మధ్యాహ్నం మా నడవాలోనే.

"వచ్చే ప్రోగ్రాంలో కొత్త పాట ఎత్తుకోగానే చప్పట్లు కొట్టకుండా లేచి బయటికొచ్చేద్దాం. అప్పుడు అర్థమవుద్ది," అన్నాడు సత్యం.

"మనం లేచొస్తే జనమంతా లేచొస్తారు. ఇంకెవరైనా పిలుస్తారా వాళ్ళని? అట్లా వద్దు," అన్నాడు అన్నయ్య.

"మరేం చేద్దాం? బాగుంది బాగుంది అని తలూపుతా కూర్చుందామా?"

"ఎదురుగా చెప్పేద్దాం. మాస్టారూ, ఇవి బాగాలేవండీ, పాతవే పాడండీ అని."

"నువ్వు చెప్తావా? ఆయన మొహం చూసి?"

వంటింటి గుమ్మంలోంచి అమ్మ, "ఏంట్రా ఆ మంతనాలు? నచ్చకపోతే వినకండి. నచ్చినన్నాళ్ళు విన్నారుగా," అంది.

"అట్లా కాదు పిన్నీ. మనవాళ్ళు కాబట్టే చెప్పాలి. పైవాళ్ళయితే మనకెందుకు?" అన్నాడు సత్యం.

నాయనమ్మ చింతపండు మీద నుంచి తలెత్తకుండానే, "ఆ మాస్టారికి ఒంట్లో బాగున్నట్టు లేదురా. గ్లాసెడు నీళ్ళు తాగడానికి ఎంతసేపు పడుతుందో చూశారా? గుక్క గుక్కకీ కళ్ళు మూసుకుంటున్నాడు," అంది. మేము నవ్వాం. పాటల గురించి మాట్లాడుకుంటుంటే నీళ్ళ గొడవేంటని అన్నయ్య విసుక్కున్నాడు. ఆయన నీళ్ళు తాగేటప్పుడు దగ్గరగా చూసింది ఆమె ఒక్కతే. కడిగిన గ్లాసును మళ్ళీ గూట్లో బోర్లించేదీ ఆమే.

ఉత్తరం రాద్దామన్నది నేనే. మొహం చూడక్కర్లేదు, మాటలు సరిచూసుకోవచ్చు, మర్యాదగా ఉంటుంది అన్నాను. సంతకం ఉండాలా వద్దా అని మరో మూడు రోజులు గడిచాయి. పేర్లు పెట్టకపోతే ఆకాశరామన్న ఉత్తరమవుతుందని అన్నయ్య, పెడితే రేపు షెడ్డులో ఎలా ఎదురుపడతామని సత్యం. చివరికి 'మీ అభిమానులు' అని పెట్టడానికి ఒప్పుకున్నారు. నేను ఏడెనిమిది సార్లు తిరగరాశాను. గౌరవనీయులైన జీవరత్నం గారికి నమస్కరించి రాయునది అని మొదలుపెట్టి, పాత పాటలను ఒక పేజీ నిండా పొగిడి, ఆ తర్వాత రాసిన రెండు వాక్యాలు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. 'ఆ పాటలు పాడిన జీవరత్నం గారు ఇప్పుడు ఎక్కడున్నారో తెలిస్తే దయచేసి ఆయన్ను మా దగ్గరికి పంపండి. ఈ మధ్య వచ్చి పాడుతున్నాయన ఎవరో మాకు తెలియదు.' చదివి వినిపిస్తే సత్యం తొడ మీద చరుచుకున్నాడు. అన్నయ్య మాత్రం, "కొంచెం ఘాటుగా లేదూ?" అన్నాడు. "అట్లా ఉంటేనే తగులుద్ది," అన్నాను. నా వాక్యం మీద నాకంత ప్రేమ. తిరువూరు ముద్ర పడకూడదని అన్నయ్య బస్సెక్కి విస్సన్నపేట వెళ్ళి పోస్టు చేసి వచ్చాడు.

పదిరోజుల తర్వాత తిరువూరు చర్చి ఆవరణలో కోతపండుగ. గుమ్మడికాయలూ, కొత్త ధాన్యమూ, కాళ్ళు కట్టిన కోళ్ళూ తెచ్చి ముందు పెట్టి ప్రార్థనలు అయ్యాక, మధ్యాహ్నం పందిట్లో వేకువచుక్క ప్రోగ్రాం. అమ్మను బతిమాలి నేనూ వెళ్ళాను. పందిరి అంచున ఆడవాళ్ళతో నిలబడ్డాను. జీవరత్నం గారు తెల్ల చొక్కా వేసుకుని మైకు ముందుకు వచ్చాడు. శామ్యూలు వైపు తిరిగి ఏదో అన్నాడు. శామ్యూలు తల అడ్డంగా ఊపాడు. ఆయన మళ్ళీ అన్నాడు. అప్పుడు గిటారు మీద పాత పాట మొదలైంది. జనం ఒక్కసారి కేకలు పెట్టారు. ఒకదాని తర్వాత ఒకటి మూడు పాత పాటలు పాడాడు. చివరిది వాన పాట. 'రావా' దగ్గర గొంతు ఎప్పటికన్నా పైకి వెళ్ళింది. చివర కొంచెం చీలింది గానీ, ఆ చీలికకే ఒళ్ళు జలదరించింది. పందిరంతా లేచి నిలబడింది. అవతలి పక్క మగవాళ్ళలోంచి అన్నయ్య, సత్యం నా వైపు చూసి చేతులు ఊపారు. మా ఉత్తరం పనిచేసింది! నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. నా అక్షరాలకు ఇంత బలం ఉందా అనుకున్నాను. పందిరి వెనక ఆయన భార్య సుగుణమ్మ ఆయన నోటికి తువ్వాలు అడ్డుపెట్టడం, తర్వాత దాన్ని గబగబా మడిచి సంచిలో కుక్కడం నాకు కనిపించింది. చెమట తుడుస్తోందనుకున్నాను.

ఆ తర్వాత సైకిళ్ళు రాలేదు. రెండు వారాలు చూశాం. ఒక రోజు నాయనమ్మ టీ తాగుతుండగా శామ్యూలు ఒక్కడే వచ్చి, నడవా అంచున నిలబడి, షెడ్డు తాళంచెవి నేల మీద పెట్టాడు. నాన్న ఊళ్ళో లేడు. అన్నయ్య, సత్యం, నేను ఉన్నాం.

"ఇంక అక్కర్లేదండి. మాస్టారికి గొంతు పోయింది," అన్నాడు.

"పోవడమేంటి? ఆ రోజు అంత బాగా పాడితే," అన్నాడు అన్నయ్య.

"గొంతులో కంతి ఉందండి. వానల ముందే తెలిసింది. గట్టిగా మాట్లాడొద్దు, పిల్లలకి పాఠం కూడా మెల్లగా చెప్పుకోమన్నాడు బెజవాడ డాక్టరు. ఎవరికీ చెప్పొద్దని మా దగ్గర మాట తీసుకున్నాడు మాస్టారు. పైకి పాడలేడని ఆ నాలుగు పాటలూ కిందకి కట్టాం. మధ్యలో ఊపిరి తీసుకోవాలి కదండీ, అందుకని నేను గిటారు సాగదీసేవాణ్ణి."

శామ్యూలు నా వైపు చూడకుండానే, "మీ చేతిరాత మాకు తెలియదా అమ్మాయిగారూ? మా పాటల పుస్తకమంతా మీరు రాసిందేగా," అన్నాడు.

"మాస్టారు ఏమన్నారు?" అని అడిగాను, లేదా అడిగాననుకున్నాను.

"ఏమన్లేదండి. మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోతపండుగ నాడు మైకు ముందు నిలబడి, పాతవి తియ్యి శామ్యూలూ అన్నాడు. వద్దు మాస్టారూ అన్నాను. వాళ్ళకి జీవరత్నం కావాలంట్రా, ఒక్కసారి చూపించొస్తా అన్నాడు." అప్పుడు మా ముగ్గురి వైపూ చూశాడు. "మీరు రాసింది అబద్ధమని నేననట్లేదండి. ఆ పాటలు ఇంకా కుదరలేదని మాకూ తెలుసు. కానీ మీరు రోజూ ఇక్కడే ఉన్నారు కదా. ఎందుకిట్లా పాడుతున్నారు మాస్టారూ అని ఎవరో ఒకరు అడుగుతారని చూశాడండీ ఆయన."

రెండు వారాలు మేము మాట్లాడుకున్నది ఎలా చెప్పాలన్న దాని గురించే. లేచి రావాలా, ఎదురుగా అనాలా, రాయాలా, పేరు పెట్టాలా. అడగడం అనే మాట మా ముగ్గురిలో ఒక్కరి నోటా రాలేదు. ఆయన రోజూ మా గుమ్మం దాకా వచ్చేవాడు. పెనుగొలనులో ఆయన ఇల్లు ఎక్కడో మాకు తెలియదు. మనవాళ్ళు అన్నాం కదా, మనవాళ్ళ ఇంటికి ఒక్కసారీ వెళ్ళలేదు.

అమ్మే మమ్మల్ని వెళ్ళి చూసి రమ్మంది. అన్నయ్య, నేను పెనుగొలను బస్సెక్కాం. చర్చి వెనక పేటలో రెండు గదుల పెంకుటిల్లు. అన్నయ్య రోడ్డు మీదే ఆగిపోయాడు. ఎంత పిలిచినా రాలేదు. సుగుణమ్మ నన్ను చూసి ఏమీ అనలేదు, తిట్టలేదు. లోపలికి రమ్మని, వాళ్ళు తాగే గ్లాసులోనే నీళ్ళిచ్చింది. తాగాను. మంచం మీద జీవరత్నం గారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మెడకు గుడ్డ చుట్టి ఉంది. మనిషి సగమయ్యాడు. పక్కనే బడిపిల్లల పలక, బలపం. ఒళ్ళో మా నోటుబుక్కు. నా గుండ్రటి అక్షరాలు అయిపోయిన తర్వాతి పేజీల్లో ఆయన రాత, కొట్టివేతలతో, పక్కన ఇరికించిన మాటలతో కనిపించింది.

నేను ఏడుస్తూ క్షమించమన్నాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. నోటుబుక్కు నా చేతికిచ్చి చదవమన్నట్టు సైగ చేశాడు. నాలుగు పాటలూ చదివాను. చదవడం అయ్యాక పలక మీద రాసి చూపించాడు: 'ఏ పాట బాగాలేదు?'

"అన్నీ బాగున్నాయి మాస్టారూ," అన్నాను.

ఆయన అరచేత్తో పలక తుడిచి మళ్ళీ రాశాడు: 'నిజం చెప్పు.'

"నిజంగానే బాగున్నాయండీ. అన్నీ."

జవాబు తెలిసీ చెప్పని పిల్లను పంతులు ఎలా చూస్తాడో అలా చూశాడు నా వైపు. తర్వాత పలక తుడిచి, బలపం దాని మీద పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సుగుణమ్మ నన్ను బయటి దాకా సాగనంపింది.

మామిడికాయలు కోతకు రాకముందే ఆయన పోయాడు. అన్నయ్య ఆ తర్వాత ఏ ప్రోగ్రాముకూ వెళ్ళలేదు, ఇంట్లో రేడియోలో పాట వస్తే లేచి వెళ్ళిపోయేవాడు. సత్యం యాంప్లిఫయరు విప్పేసి సామాను వేరే రేడియోల్లో వేసుకున్నాడు. ఆ నాలుగు పాటలనూ తర్వాత పాడినవాళ్ళు లేరు. శామ్యూలు ఒకసారి బస్టాండులో కనిపించి చెప్పాడు, ఆయన చివరి దాకా వాటినే దిద్దుకుంటూ ఉండేవాడట. ఎక్కడ దెబ్బతింటోందో ఎవరైనా చెబితే బాగుండును అని పలక మీద రాసేవాడట.

ఇప్పుడు మా మనవరాలు ఫోన్లో పాట సగం విని, బాగాలేదని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి ముందుకు పోతుంది. పాడినవాడెవడో ఎక్కడుంటాడో దానికి తెలియదు. ఈ కాలం పిల్లలకు ఓపిక లేదని, మా రోజుల్లో ఒక ఉత్తరానికి రెండు వారాలు ఆలోచించేవాళ్ళమని సభల్లో నా వయసువాళ్ళు అంటుంటే నేను తల దించుకుంటాను. రెండు వారాలు ఆలోచించాం, నిజమే. ఆ ఆలోచనంతా నా వాక్యానికి పదును పెట్టుకోవడానికే సరిపోయింది. కుర్రవాళ్ళు కవితలు తెచ్చి ఎలా ఉన్నాయని అడిగితే నాకు ఇప్పటికీ ఆ పలక గుర్తొస్తుంది. అడగనివాడికి అంత గట్టిగా చెప్పినదాన్ని, అడిగినవాడికి చెప్పలేకపోయాను.

మూడో పాటలో రెండో చరణం బాగాలేదు. పల్లవిలో తన గురించి చెప్పుకుంటున్న మనిషి అక్కడికి వచ్చేసరికి లోకానికి బుద్ధులు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ నాలుగు పాదాలు తీసేసి నేరుగా పల్లవికి వచ్చేస్తే పాట నిలబడేది. ఆయన ఊపిరికీ సరిపోయేది. ఇది ఇన్నేళ్ళ తర్వాత తట్టిన సంగతి కాదు. ఆ రోజు ఆ మంచం పక్కన నిలబడి చదువుతున్నప్పుడే నాకు తెలుసు.